గేరు రాడ్డుపై చేయి ఆనించుట
గేరు రాడ్డు అనగా వాహనంలో గేర్లు మార్చుటకు డ్రైవరు వాడే కడ్డీ. నడిపేటప్పుడు దీనిపై చేయి ఆనించి ఉంచటం చాలామందికి అలవాటు.

కడ్డీ కదలిక గేరుబాక్సులోని ఫోర్కుకు చేరుతుంది. ఫోర్కు తాను తిరగదు. షాఫ్టుతోపాటు తిరిగే స్లీవు గాడిలో ఉండి, గేరు మార్చేటప్పుడు దానిని పక్కకు నెడుతుంది. ఆ కొద్ది క్షణాల ఒరిపిడిని తట్టుకొనేందుకే దీనిని రూపొందిస్తారు. చేతి బరువు ఎడతెగక పడితే ఫోర్కు స్లీవుకు ఒరుసుకొని క్రమంగా అరుగుతుంది. అరుగుదల ముదిరితే గేరు సరిగా పడదు, లేదా పడిన గేరు జారిపోతుంది. చేయి తేలికగా తాకినంత మాత్రాన ఇంత నష్టం జరగదు. క్లచ్ పెడలుపై కాలు ఆనించి నడపటం ఇంతకంటే హానికరం. అయితే ఫోర్కు చిన్న భాగమే అయినా, దానిని మార్చుటకు సాధారణంగా గేరుబాక్సును దింపి విప్పవలసి వస్తుంది.