ట్రాన్సిస్టర్ కొలత, ప్రాసెసర్ వేగం: ఒక చారిత్రక పరిశీలన

అనంతపురం ఇంజనీరింగ్ కళాశాల 1946లో ఏర్పడగా, మరుసటి ఏడాది డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో, విద్యుత్ సంకేతాన్ని పెంచడానికీ, ప్రవాహాన్ని ఆపి వదలడానికీ పనికివచ్చే ట్రాన్సిస్టర్ అనే అర్ధవాహక పరికరం పుట్టింది. కరవు సీమలోని ఆ విద్యాసంస్థా, ఎలక్ట్రానిక్స్ యుగమూ దాదాపు ఒకే ఈడువి. హైదరాబాదులో 1967లో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ నుంచి 1969లో టీడీసీ-12 కంప్యూటరు వెలువడింది. రెండేళ్లకే ఇంటెల్ 4004 అనే ఒక్క చిప్పులో, 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) తయారీ ప్రమాణంతో, 2,300 ట్రాన్సిస్టర్లు ఇమిడాయి.

కొలత తగ్గితే వేగమెందుకు పెరుగుతుందో ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్ బృందం 1974లో సూత్రీకరించింది: కొలతలనూ వోల్టేజీనీ ఒకే నిష్పత్తిలో తగ్గిస్తే, ఎలక్ట్రాన్లు దాటవలసిన దూరమూ, గేటులో, అంటే ప్రవాహాన్ని నియంత్రించే భాగంలో, నింపవలసిన విద్యుదావేశమూ తగ్గి, ట్రాన్సిస్టర్ మరింత త్వరగా స్థితి మారుతుంది, అంతే విస్తీర్ణంలో మరిన్ని పరికరాలు కిక్కిరిసినా వేడి మాత్రం పెరగదు. ఈ రెండో ప్రయోజనమే అసలైన వరమని చెప్పాలి, ఎందుకంటే 2005 ప్రాంతంలో అది చేజారగానే పాత లెక్క తప్పింది: వోల్టేజీని ఇంకా దించితే, ఆపివేసిన ట్రాన్సిస్టర్ గుండా కూడా విద్యుత్తు కారసాగింది. ప్రాసెసర్ల గడియార వేగం కొన్ని గిగాహెర్ట్జ్‌ల వద్ద మందగించగా, తయారీదారులు ఒకే చిప్పులో అనేక కోర్లను, అంటే గణన విభాగాలను, అమర్చే మార్గం పట్టారు. నేడు ప్రకటనల్లో కనిపించే 3 నానోమీటర్ల వంటి పేర్లు ఏ భాగపు నిజమైన కొలతనూ సూచించవు.

భారతదేశంలో మొహాలీలోని సెమీకండక్టర్ సంస్థ 1984లో 5 మైక్రాన్లతో ఉత్పత్తి ప్రారంభించి, 1989 అగ్నిప్రమాదంతో వెనుకబడి, తరువాత 180 నానోమీటర్లకు చేరింది. సిలికాన్ పలకలను పదేపదే కడిగే ఈ పరిశ్రమకు అతిశుద్ధ జలం విస్తారంగా కావాలి గనుక, వర్షచ్ఛాయలోని అనంతపురం పీఠభూమికి చిప్పు తయారీ కంటే చిప్పు రూపకల్పన విద్యే దగ్గరిది.