పువ్వుల లోయ, గడ్డిమోపు

పుల్నా ఊరు దాటి ఘాంఘరియా వైపు ఎక్కుతున్నాం. ఉద్యోగ విరమణ తర్వాత నలుగురు స్నేహితురాళ్లం మగతోడు లేకుండా, మొక్కూ ముడుపూ లేకుండా, కేవలం కొండలు చూడాలని బయల్దేరిన మొదటి ప్రయాణం. చేతికర్రలు, వానకోట్లు, కొత్త బూట్లు. ఎదురుగా వీపు మీద పెద్ద గడ్డిమోపుతో ఒకామె దిగుతోంది. ఆగి, మమ్మల్ని ఎగాదిగా చూసి హిందీలో అడిగింది. "దీదీ, ఊరికే నడవడానికే అంతదూరం నుంచి వచ్చారా?"

వెటకారమేం కాదు, నిజమైన ఆశ్చర్యం. మేం నవ్వేశాం గానీ ఆ ప్రశ్న మాతోపాటే కొండెక్కింది. మా అమ్మ పొలిమేర దాటింది పురుళ్లకీ పెళ్లిళ్లకీ, ఒకేఒక్కసారి తిరుపతికీ. అందుకే ఊరికే నడవడం నాకు చిన్న విషయం కాదు. కానీ ఆ గడ్డిమోపు మోసే ఆమె రోజూ నడిచే నడకకి విహారం అని ఎవరూ పేరు పెట్టరు కదా!

ఉత్తరాఖండ్‌లోని ఈ పువ్వుల లోయను 1931లో ఫ్రాంక్ స్మైత్ 'కనుగొన్నాడని' ప్రతి గైడూ చెబుతాడు. కామెట్ శిఖరం ఎక్కి తిరిగొస్తూ స్మైత్ బృందం ఈ లోయలోకి దిగింది. 1937లో మళ్లీ వచ్చి, 1938లో పుస్తకం రాశాడు. మరి అప్పటికే ఇక్కడ గొర్రెలు మేపుకుంటున్న భ్యుందార్ వాళ్లు కనుగొన్నదేమిటి? చరిత్రలో పేరు రాసుకున్నవాడిదే ఆవిష్కరణ.

లోయలో పుష్పావతి నది చప్పుడు వింటూ నడుస్తుంటే ఒక సమాధి కనిపించింది. జోన్ మార్గరెట్ లెగ్. 1939లో మొక్కలు సేకరించడానికి ఇంగ్లండ్ నుంచి వచ్చింది. ఆ జూలై 4న కొండవాలు మీద జారిపడి చనిపోయింది. అప్పటికి ఆమె వయసు 54. తర్వాత ఆమె సోదరి వచ్చి ఈ రాయి పెట్టించింది. యాభై నాలుగేళ్ల ఆడది పువ్వుల కోసం హిమాలయాలకి రావడం! నాకు ఒళ్లు పులకరించింది. అయితే ఆమె ఒక ఎర్ల్ కూతురు. వెనక వంశమూ సామ్రాజ్యమూ ఉన్నాయి, పేరు నిలబెట్టడానికి చెల్లెలో అక్కో ఉంది. మరి ఇక్కడి ఆడవాళ్ల పేరు ఏ రాయి మీద ఉంది?

ఆ జవాబు కోసం తిరుగు ప్రయాణంలో జోషీమఠ్ నుంచి నీతి లోయ దారిలో రైణీ వెళ్లాం. 1974 మార్చి 26న ఊళ్లో మగవాళ్లంతా నష్టపరిహారం కోసం చమోలీ వెళ్లిన సమయం చూసుకుని చెట్లు నరికే కూలీలు వచ్చారు. అడవిలో దాదాపు 2,500 చెట్లకి గుర్తులు పెట్టి ఉన్నాయి. మహిళా మంగళ్ దళ్ అధ్యక్షురాలు గౌరాదేవి 27 మంది ఆడవాళ్లతో అడ్డం నిలబడింది. చిన్నవయసులోనే భర్తని పోగొట్టుకున్న మనిషి, బడి మొహం చూడని మనిషి. అడవి తమ పుట్టిల్లని చెప్పింది. రాత్రంతా కాపలా కాశారు. గొడ్డళ్లు వెనక్కి వెళ్లాయి. ఆ తర్వాత ప్రభుత్వం కమిటీ వేసి, ఆ ప్రాంతంలో నరికివేతని పదేళ్లు నిషేధించింది.

ఇక్కడిదాకా పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆపై జరిగింది చెప్పవు. 1982లో నందాదేవి, పువ్వుల లోయ రెండూ నేషనల్ పార్కులయ్యాయి. పశువుల మేత ఆగింది. నందాదేవి లోపలి ప్రాంతానికి దారులు మూసేశారు. యాత్రికుల బరువులు మోసి బతికిన కుటుంబాల ఆదాయం పోయింది. అడవిని కాపాడినవాళ్లే అడవికి పరాయివాళ్లయ్యారు. పుట్టింటి గడప దాటకూడదని ఆడపిల్లకే ఆంక్ష పెట్టినట్టు! 1998లో గౌరాదేవి పుట్టిన ఊరు లాతా ప్రజలు 'ఝప్టో ఛీనో' అంటూ నిషేధిత ప్రాంతంలోకి నడిచి వెళ్లారు. 2001లో, పర్యాటకం తమ ఊళ్ల చేతుల్లో, తమ షరతుల మీద ఉండాలని అక్కడే ప్రకటన చేశారు. 2005లో పువ్వుల లోయకి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. మాలాంటివాళ్లు వరసకట్టాం.

గౌరాదేవి 1991లో చనిపోయింది. రైణీలో ఆమె విగ్రహం ఉండేది. 2021 ఫిబ్రవరి 7న రిషిగంగ ఉప్పొంగి జలవిద్యుత్ ప్రాజెక్టుల్ని ఊడ్చేసింది. రెండు వందల మందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు. ఊరి కింద నేల కుంగసాగింది. ఆ జూన్‌లో విగ్రహాన్ని తీసి జోషీమఠ్ తరలించారు. ఊరిని నిలబెట్టినామె రాతిరూపానికి కూడా ఊళ్లో నిలవనీడ లేకపోయింది.

కొండ చూడ్డానికి వెళ్లడం తప్పని నేననను. మనమింకా నడవాలి, మన కూతుళ్లు ఇంకా ఎత్తుకి నడవాలి. కాకపోతే మన కాలికింది దారి ఎవరు కాపాడినదో తెలుసుకుని నడవాలి.

పుల్నా దగ్గర దిగుతున్నప్పుడు ఒకమ్మాయి మోపు ఎత్తుకోలేక అవస్థపడుతోంటే సాయం పట్టాం. ఇద్దరం కలిసినా అది నేల వదల్లేదు. ఆ పిల్ల నవ్వి, మమ్మల్ని పక్కకి జరగమని, తాడు నుదుటికి తగిలించుకుని ఒక్క ఊపున లేచింది. మా బూట్ల కేసి ఒకసారి చూసి వెళ్లిపోయింది.