గోల్ ముందుకు వచ్చిన సెంటర్ ఫార్వర్డ్

సికింద్రాబాదులో మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బుల్లో ఆట నేర్చిన పీటర్ తంగరాజ్ 1953లో సైన్యంలో చేరాడు. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టులో అతను మొదట ఆడింది సెంటర్ ఫార్వర్డ్‌గా. అంటే గోల్ కొట్టడం అతని పని. తర్వాత అదే జట్టు అతన్ని గోల్‌కీపర్‌ని చేసింది. 1955లో ఆ జట్టు డ్యురాండ్ కప్పు గెలిచింది, 1956లో తంగరాజ్ మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు, 1958లో ఆసియాలోకెల్లా మేటి గోల్‌కీపర్‌గా గుర్తింపు పొందాడు, 1967లో అర్జున అవార్డు అందుకున్నాడు. సెంటర్ ఫార్వర్డ్, గోల్‌కీపర్ అనేవి మైదానంలో ఒకదానికొకటి ఎంతో దూరంగా ఉండే చోట్లు. ఒకడు బంతిని వలలోకి పంపడానికి బతుకుతాడు, మరొకడు వలలోకి రానీయకుండా ఆపడానికి. ఇంత దూరం జరిగి రాణించిన మనిషి మన నేల మీదే ఉండగా, ఆటగాడు చోటు మారితే నిలదొక్కుకోగలడా అన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి మనం ఇంకెక్కడికో పోనక్కర్లేదు.

ఆ ప్రశ్న ఇప్పుడు ఎక్కువగా వినిపించడానికి కారణం ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో 1936 నుంచీ డ్రాఫ్ట్ పద్ధతి ఉంది. కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. పెద్ద ఆశలతో ఎంచుకున్నవాడు తడబడితే, వదిలేద్దామా, వేరే చోట ఆడించి చూద్దామా అని తర్జనభర్జనలు మొదలవుతాయి. మన దగ్గర ఐపీఎల్, 2014లో మొదలైన ప్రో కబడ్డీ అదే పరిస్థితిని వేలం రూపంలో తెచ్చాయి. గోదావరి డెల్టాలోని నిడదవోలు చుట్టుపక్కల ఊళ్లలో కబడ్డీ ఆడే కుర్రాడి విషయంలోనూ, రైడింగ్‌కు పోయి పాయింటు తేలేకపోతున్నాడు, కార్నర్‌లో నిలబెడితే పట్టు పట్టగలడా అని డ్రిల్లు మాస్టారు ఆలోచించాల్సి వస్తోంది. నా వాదన ఇది: రాణించగలడు, అయితే రెండు షరతుల మీద. కొత్త చోటు అతనిలో ముందే ఉన్న ఒక గుణాన్ని వాడుకోవాలి. ఆ చోటు వంటబట్టేదాకా అతని కూటికి ఎవరో ఒకరు పూచీ పడాలి. మొదటి షరతు గురించి అందరూ మాట్లాడతారు. రెండోదాని గురించి ఎవరూ మాట్లాడరు. హైదరాబాదు, సికింద్రాబాదుల ఫుట్‌బాల్ చరిత్ర చూస్తే ఆ రెండోదే ఎక్కువ బరువైనదని నాకు అనిపిస్తుంది.

ఫుట్‌బాల్ గోదావరి డెల్టాలో కాకుండా అక్కడ వేళ్లూనుకోవడం యాదృచ్ఛికం కాదు. సికింద్రాబాదు, తిరుమలగిరి, బొల్లారం దండు ఉన్న చోట్లు. బ్రిటిష్ పటాలాలు తమ ఆటను వెంట తెచ్చాయి, మైదానాలు తీశాయి, బూట్లూ బంతులూ తెచ్చాయి. చూసి నేర్చుకోవడానికి చుట్టూ ఉన్న పేటల కుర్రాళ్లకు రోజూ ఆట కనిపించేది. డెల్టాలో కోతలయ్యాక ఖాళీ అయిన చేలలో, ఏటి ఇసుకలో సాగింది చెడుగుడు. దానికి బూటూ బంతీ అక్కర్లేదు. సంక్రాంతి పోటీలతో ఆ ఆట ఈనాటికీ అక్కడ నిలిచే ఉంది. ఒక ప్రాంతంలో ఏ ఆట బతుకుతుందో అక్కడి మట్టితో పాటు అక్కడి కొలువులు కూడా తేలుస్తాయి. దండు వల్ల పుట్టిన ఫుట్‌బాల్‌ని హైదరాబాదులో పెంచి పెద్ద చేసింది మరో కొలువు, పోలీసు శాఖ. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. బొంబాయిలో జరిగే ఆ పోటీకి కలకత్తా జట్లు కూడా వచ్చే రోజులవి.

ఆ జట్టుకు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో పుట్టిన ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు, 1950లో సిటీ పోలీస్ జట్టు శిక్షణ చేపట్టారు, ఆ తర్వాత భారత జట్టుకూ శిక్షకుడై 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చిపెట్టారు. 1956 మెల్బోర్న్‌లో ఆయన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన పద్ధతుల్లో ఒకటి మన ప్రశ్నకు నేరుగా సంబంధించింది. కుర్రాళ్లకు ఆయన వింత నిబంధనలతో పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాళ్ల మధ్య నడిపించుకుంటూ పోకూడదు, అందుకోగానే అందించెయ్యాలి. మరోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. పైకి అది ఆటవిడుపులా కనిపిస్తుంది గానీ లోపల గట్టి ఆలోచన ఉంది. కుడి కాలి మీదే బతికే కుర్రాడు ఒక పక్కకే పనికొస్తాడు. రెండు కాళ్లూ సాధించినవాడిని ఏ పక్క నిలబెట్టినా సగం పని ముందే అయిపోయి ఉంటుంది. చోటు మార్చడమనే చికిత్స ఆటగాడు తడబడిన తర్వాత మొదలుపెడితే ఆలస్యమైపోతుందని రహీమ్ కుర్రాళ్ల దగ్గరే గ్రహించారు. సికింద్రాబాదులోని అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరామ్ ముందు వరుసలో ఎడమ అంచునా, లోపలి వైపునా, నడిమినా సమానంగా ఆడగలిగాడంటే ఆ నేలలో ఈ విత్తనం ఉంది.

ఇక్కడ రెండో షరతు మీద ఒక అభ్యంతరం రావాలి, రావడం న్యాయం కూడా. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల ఫైనల్ దానికి ఆధారం. థాయ్‌లాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. సెమీఫైనల్లో రహీమ్ అతన్ని రక్షణ వరుస నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచిన ఆ ఆటలో అతను ఒక గోల్ కొట్టాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఇంకొకటి కొట్టి 2-1తో గెలిపించారు. అంతకు ముందు గ్రూపు దశలో అదే కొరియా మనల్ని 2-0తో ఓడించింది. మరి జర్నైల్‌కు ఏళ్ల గడువు ఎవరిచ్చారు, రెండు ఆటల్లోనే రాణించాడు కదా, కాబట్టి గడువు మాట ఉత్తదే అనవచ్చు. కానీ జర్నైల్ తడబడుతున్న ఆటగాడు కాదు, అప్పటికే దేశంలో పేరు మోసిన డిఫెండర్. ఆ రెండు ఆటల్లో అతన్ని కోరింది ఎత్తులో వచ్చే బంతికి ఎగిరి తల ఆనించడం, ప్రత్యర్థి రక్షణను భుజబలంతో చీల్చడం. డిఫెండర్‌గా రోజూ చేసే పనే అది, దిశ ఒక్కటే మారింది. ఆ క్రీడలయ్యాక అతను తిరిగి రక్షణలోకే వెళ్లి, ఆసియా ఆల్‌స్టార్స్ జట్టుకు నాయకత్వం వహించింది కూడా డిఫెండర్‌గానే. రెండు ఆటల అవసరానికి చోటు మార్చడం ఒకటి, బతుకంతటికీ మార్చడం మరొకటి. జర్నైల్ కథ మొదటి షరతును రుజువు చేస్తుంది. రెండోదాన్ని కాదనదు. ఆ ఫైనల్లోనే గోల్ కాచినవాడు తంగరాజ్. ఫ్లూ నుంచి కోలుకుంటున్నా అతని ఎత్తును నమ్మి రహీమ్ అతన్నే దింపారు. జట్టులో రెండు చివర్లా చోటు మారిన మనుషులే ఉన్న ఆ రోజు, భారత ఫుట్‌బాల్ ఆసియా క్రీడల్లో గెలిచిన ఆఖరి బంగారు పతకం వచ్చింది.

గెలిచినవాళ్లనే మనం గుర్తుపెట్టుకుంటాం, చోటు మారి మునిగిపోయినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు, కాబట్టి ఈ ఉదాహరణలు మోసం చేస్తాయి అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. దీనికి జవాబు గెలిచినవాళ్ల జాబితాను పొడిగించడం కాదు, ఓడిన ప్రయోగాన్ని తెచ్చి పక్కన పెట్టడం. అదీ హైదరాబాదులోనే ఉంది, ఆట మాత్రం క్రికెట్. వీవీఎస్ లక్ష్మణ్ 1996లో మధ్య వరుస బ్యాట్స్‌మన్‌గా టెస్టుల్లోకి వచ్చాడు. జట్టుకు ఓపెనర్ కరవు, అందుకని 1997 నుంచి అతన్ని ఇన్నింగ్స్ ప్రారంభించమన్నారు. 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనర్‌గా 167 కొట్టాడు. అయినా ఆ చోటు తనది కాదని తేల్చుకుని, ఇక ఓపెనర్‌గా ఆడనని చెప్పేశాడు. 1999-2000 రంజీ సీజన్‌లో మధ్య వరుసలో 1,415 పరుగులు చేశాడు. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఫాలో ఆన్ పడ్డాక అతన్ని ఆరో స్థానం నుంచి మూడుకు పంపారు, 281 పరుగులు వచ్చాయి. అతనికి చోటిచ్చి ఆరులో దిగిన ద్రవిడ్ 180 చేశాడు. మనిషి ఒకడే, ప్రతిభ ఒకటే. ఒక మార్పు ఏళ్ల తరబడి అతన్ని నలిపింది, ఇంకొకటి ఒక్క రాత్రిలో చరిత్రకెక్కించింది. గొప్పవాడు ఎక్కడ నిలబెట్టినా గొప్పవాడే అనే మాట ఇక్కడే వీగిపోతుంది. ఓపెనర్ చోటు జట్టులో ఉన్న ఖాళీ, లక్ష్మణ్ చేతిలో ఉన్న కళ కాదు. పైగా ఆ ఏళ్లలో అతన్ని నిలకడగా ఆడించనూ లేదు, తీసేస్తూ తెస్తూ ఉన్నారు. అదే ఓపెనర్ చోటుకు మధ్య వరుస నుంచి 2002లో వచ్చిన సెహ్వాగ్ లార్డ్స్‌లో 84, ఆ తర్వాత నాటింగ్‌హామ్‌లో 106 చేసి స్థిరపడ్డాడు. కొత్త బంతిని చూస్తే ఆగలేని అతని స్వభావానికి ఆ చోటు సరిపోయింది.

సరిపోయిన చోటు దొరికినా మొదటి వారాలు భయంకరంగానే ఉంటాయి. ఇటలీలో యువెంటస్ ఎడమ అంచున ఆడించగా తేలిపోయిన థియరీ ఆంరీని 1999లో ఆర్సెనల్ కొని నడిమి ఫార్వర్డ్‌ని చేసింది. మొదటి ఎనిమిది ఆటల్లో ఒక్క గోల్ లేదు. అప్పుడే తీసేసి ఉంటే, ప్రయోగం విఫలమైందనే అందరూ రాసేవారు. సీజన్ ముగిసేసరికి 26 గోల్స్, ఆ క్లబ్బు తరఫున మొత్తం 228. మన గుంటూరు కుర్రాడు అంబటి రాయుడు ముంబైలో ఏళ్లపాటు మధ్య వరుసలో ఆడి, 2018 వేలంలో చెన్నైకి వెళ్లాడు. అక్కడ ఓపెనింగ్‌లోనూ, అవసరమైతే నాలుగో స్థానంలోనూ దిగి ఆ సీజన్‌లో 602 పరుగులు చేశాడు. కాబట్టి వేలం పద్ధతే చోటు మార్పుకు శత్రువు అనను. వేలంలో కొన్న జట్టు ఓపిక పడితే చాలు. అయితే ఆ ఓపిక ఎక్కువగా పేరున్నవాళ్లకే దక్కుతుంది. మూల ధరకు అమ్ముడైన కుర్రాడికి రెండు ఆటలు, మహా అయితే మూడు. ఆ తర్వాత అతను బెంచీ మీదే.

అందుకే తంగరాజ్ దగ్గరికి మళ్లీ రావాలి. అతను గోల్‌కీపర్‌గా మారుతున్న నెలల్లో ఎన్ని బంతులు చేజార్చాడో ఎవరూ లెక్క రాసిపెట్టలేదు. చేజార్చకుండా ఎవడూ నేర్చుకోడు. కానీ బంతి జారినా నెల జీతం ఆగలేదు, ఎందుకంటే అతను జీతానికి సైనికుడు. సిటీ పోలీస్ జట్టు ఆటగాళ్లు పోలీసు ఉద్యోగులు. ఓడిన మరునాడు కూడా వాళ్లకు కొలువుంది, సాయంత్రం మైదానముంది, అదే కోచ్ ఉన్నారు. రహీమ్ 1950 నుంచి 1963 జూన్‌లో క్యాన్సర్‌తో కన్నుమూసేదాకా ఆ జట్టును వదల్లేదు. పదమూడేళ్లు ఒకే కన్ను ఒకే కుర్రాళ్లను చూసింది. ఎవడి ఒంట్లో ఏ బలం దాగి ఉందో కనిపెట్టడానికి అంత కాలం పట్టడం సహజం. ఆ రెండూ, అంటే కొలువు ఇచ్చిన ధీమా, కోచ్ కాపాడిన నిలకడ, కలిసి చోటు మార్పును జూదం కాకుండా చేశాయి.

ఇది నిడదవోలు కుర్రాడికి ఎలా వర్తిస్తుందో చెప్పడం కష్టమేమీ కాదు. చేలో ఆడే చెడుగుడులో రైడర్, కార్నర్, కవర్ అంటూ గీతలు గట్టిగా ఉండవు, కూతకు వెళ్లినవాడే తిరిగొచ్చి కాలు పడతాడు. రహీమ్ నిబంధనలు పెట్టి నేర్పించినది డెల్టా పిల్లలకు ఊళ్లోనే అబ్బుతుంది. మ్యాట్ మీదికి వచ్చాకే ఒక్క పనికి కుదించడం మొదలవుతుంది. కాబట్టి రైడింగ్‌లో తడబడే కుర్రాడిని కార్నర్‌లో పెట్టి చూడడంలో వింతేమీ లేదు. అతనికి మడమ పట్టే ఒడుపు, నిబ్బరంగా ఆగే గుణం ఉంటే సగం మార్పు జరిగిపోయినట్టే. మిగతా సగం మీద అతనికి అధికారం లేదు. భీమవరం, నరసాపురం వైపు లైను విడిపోయే నిడదవోలు జంక్షన్‌లో స్పోర్ట్స్ కోటా రైల్వే ఉద్యోగమంటే ఏమిటో ఇంటింటికీ తెలుసు. ఆ కోటాలో చేరిన కుర్రాడు ఒక సీజన్ అంతా కార్నర్‌లో కాలు జారవిడిచినా నెల జీతంతో మళ్లీ మ్యాట్ మీదికి వస్తాడు. ఒక్క సీజన్ ఒప్పందం మీద వేలంలో కొన్న కుర్రాడికి ఆ వీలు లేదు. ఇద్దరిలో ఎవరిని కొత్త చోటికి మార్చమని అడిగితే, ఆట సమానంగా ఉన్నంత కాలం, నేను మొదటివాడి పేరే చెబుతాను.