రాక్స్‌బర్గ్ చూసిన చెరువు ఏది?

రైలు సామర్లకోటలో ఆగితే నాకు విలియం రాక్స్‌బర్గ్ గుర్తొస్తాడు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, అక్కడ మిరియాల తోట వేయించి, కోరమాండల్ తీరపు మొక్కలకు బొమ్మలు గీయించినవాడు. 1793లో కలకత్తా వెళ్లాక బెంగాల్ చెరువుల్లో తేలే ఒక వేరులేని మొక్కను అల్డ్రోవాండా వెర్టిసిల్లాటా అని రాసిపెట్టాడు. ఆ రాత 1832లో అచ్చయింది, ఆయన పోయిన 17 ఏళ్లకు!

అది కొత్తదేమీ కాదు. 1696లోనే వృక్షశాస్త్రజ్ఞుడు ప్లుకెనెట్ భారతదేశపు నమూనా చూసి రాశాడు. 1747లో ఇటలీలో దొరికిన ఇదే మొక్కకు మోంటి అనే ఆయన, ప్రకృతిశాస్త్రజ్ఞుడు అల్డ్రోవాండి జ్ఞాపకార్థం పేరు పెట్టాడు. లిన్నేయస్ పుస్తకంలో అది అల్డ్రోవాండా వెసిక్యులోసా అయింది. ఇంతమంది పేర్లు పెట్టారు గానీ, కొన్ని మిల్లీమీటర్ల దాని ఆకుల బోనులు సెకనులో చిన్న భాగంలో మూసుకుని నీటిపురుగుల్ని పట్టి తింటాయన్న సంగతి తేలడానికి 1870లు రావాల్సి వచ్చింది. 1875లో డార్విన్ తన పుస్తకంలో దీనికి చోటిచ్చాడు.

వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన నాకు మండేది వేరే విషయం. పాత నమూనా లేబుల్ మీద "బెంగాల్" అని ఉంటే ఏ చెరువని వెతకాలి? పోనీ చెరువు దొరికినా నీళ్లు అవే కావు. ఎరువులు కలిస్తే నాచు కమ్మేస్తుంది, గుర్రపుడెక్క వెలుతురు రానివ్వదు. దీనికి కావలసింది నిలకడైన, లోతులేని తేటనీరు. వెతికేవాడు యుట్రిక్యులేరియా అనే మరో నీటిమొక్కని చూసి మోసపోకూడదు: దాని తిత్తులు బుడగల్లా ఉంటాయి, దీని బోనులు కాడచుట్టూ చక్రాలుగా అమరిన ఆకుల చివర ఉంటాయి.