నాయనమ్మ నుదురు - ఒక వ్యూఫైండర్ కథ

మా ఇంట్లో నాయనమ్మ ఫోటో ఒక్కటే ఉంది. అందులో ఆవిడ నుదుటి పైభాగం లేదు.

1986లో, సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో, కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరుతుంటే పెదనాన్న తీశాడు. కెమెరా రష్యా వాళ్ల జోర్కి-4, గుంటూరులో పాతది కొన్నాడట. 'సోవియట్ భూమి' కాగితాలు మా వైపు పిల్లల పుస్తకాలకి అట్టలయ్యే రోజులు మరి! నేను పుట్టకముందే నాయనమ్మ పోయింది. "మీ పెదనాన్నకి ఫోటో తీయడం రాదు" అని మా నాన్న ఇప్పటికీ దెప్పుతుంటాడు.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ట్రంకుపెట్టెలో ఆ కెమెరా దొరికింది. ముందు 35 మి.మీ. జూపిటర్-12 లెన్సు, నెత్తిన ఇంకో చిన్న వ్యూఫైండర్. అసలు దొంగ అదేనని నా అనుమానం.

కాస్త చరిత్ర. ఈ రకం కెమెరాల్లో మనం చూసేది లెన్సులోంచి కాదు, దాని పైనున్న కిటికీలోంచి. 1925లో అమ్మకానికొచ్చిన లైకాకి 50 మి.మీ. లెన్సొక్కటే కాబట్టి ఒక కిటికీ చాలింది. 1930లో లెన్సులు మార్చుకునే వీలొచ్చింది, చిక్కూ వచ్చింది. లెన్సు మారినా కిటికీ మారదు కదా! అందుకే విడిగా తగిలించే ఫైండర్లు పుట్టాయి. జర్మనీలో జైస్ వాళ్ల బాటలోనే మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్ ఫ్యాక్టరీ కూడా 28, 35, 50, 85, 135 మి.మీ.లకి అయిదు బుల్లి అద్దాలున్న ఫైండర్ చేసింది. రివాల్వర్ లాగా తిప్పుకోవడమే. 1954లో లైకా ఎం3 వచ్చి 50, 90, 135 గీతల్ని కెమెరా లోపలే పెట్టేసింది. 35కి మాత్రం ఎం2 దాకా ఆగాల్సొచ్చింది.

ఇక మా కేసు. ఫైండర్ లెన్సుకి సుమారు 6 సెం.మీ. పైన ఉంటుంది. 35 మి.మీ. లెన్సు 10 మీటర్ల దూరంలో దాదాపు 7 మీటర్ల ఎత్తు చూస్తుంది, అక్కడ 6 సెం.మీ. లెక్కలోకే రాదు. కానీ ఒక్క మీటరు దూరంలో చూసేది 68 సెం.మీ. ఎత్తే. అందులో 6 పోతే నుదురు పోయినట్టే! స్క్రీన్ మీద ఒకటి చూపించి డేటాబేస్‌లో ఇంకోటి సేవ్ చేసినట్టన్నమాట. దీన్ని సరిచేయడానికి ఫైండర్ వెనక ఒక మీట ఉంటుంది. మా దాంట్లో అది అనంతం దగ్గరే ఉంది.

పాత కెమెరాకి ఫైండర్ కొనేవాళ్లకి నా సలహా: ఒకే లెన్సు వాడితే ఆ లెన్సుకి తగ్గ, తెల్ల గీతలు కనపడే ఫైండర్ చాలు. మనలాంటి కళ్లజోడు బాపతుకి అదే సుఖం. లెన్సులెక్కువైతే తిరిగేది తీసుకోండి. అద్దంలో బూజు ఉందా, మీట కదులుతోందా, కింది పాదం వదులైందా చూసుకోండి.

ఈ లెక్కంతా పెదనాన్నకి ఫోన్‌లో గొప్పగా చెప్పాను. ఆయన నవ్వాడు.

"మీట సంగతి నాకు తెలియక కాదురా. పని ఆపి అమ్మ నా వైపు చూసింది ఆ ఒక్క క్షణమే. మీట తిప్పుతూ కూర్చుంటే మళ్లీ తల వంచేసేది."

ఈసారి నాన్న దెప్పితే ఏం చెప్పాలో నాకు తెలుసు.