మన గుడి మెట్లు, మన ర్యాంపు

స్వర్ణోత్సవ సంచికకు సంఘ చరిత్ర రాయమని కమిటీ పెద్దలు ప్రేమతో అడిగారు. పునాది రాయి, గంట, సండే స్కూలు సంగతులు ఈ సంచికలో మిగతావారు రాస్తున్నారు. నేను గేటు నుంచి ప్రభు బల్ల దాకా ఉన్న దారి గురించి రాస్తాను.

మన చర్చికి తొమ్మిది మెట్లు ఎందుకున్నాయో నేటి యువతకు తెలియదు. సరూర్‌నగర్ చెరువు నిండితే దిల్‌సుఖ్‌నగర్ పల్లపు కాలనీల్లోకి నీళ్లొస్తాయి. తంతి తపాలా శాఖలో పనిచేసిన మన వ్యవస్థాపక పెద్దాయనకు ఆ సంగతి బాగా తెలుసు. "బల్ల దాకా నీళ్లు రాకూడదురా అబ్బాయ్" అంటూ దగ్గరుండి అరుగు ఎత్తు చేయించారు. ఆదివారం అందరికంటే ముందొచ్చి చాపలు దులిపి పరిచేవారు. చివరి రోజుల్లో పక్షవాతం వచ్చాక, ఆ మెట్లే ఎక్కలేక గేటు దగ్గర ఆటోలో కూర్చుని మైకులో ప్రసంగం వినేవారు. అయ్యగారు సంస్కారపు రొట్టె, ద్రాక్షారసం ఆటో దగ్గరికే తెచ్చి ఇచ్చేవారు. ఆయన ఏనాడూ నొచ్చుకోలేదు. నొచ్చుకోవలసింది మనం.

తర్వాతి ఇరవై ఏళ్లలో సున్నాలు వేశాం, ఫ్యాన్లు మార్చాం, పైన కమ్యూనిటీ హాలు కట్టాం. మెట్ల పక్కన ఒక ర్యాంపు కూడా పోశాం. షామియానా సామాను ఎక్కించడానికి అది పనికొచ్చింది గానీ, నిటారుగా ఉండడంతో దాని మీద చక్రాల కుర్చీ నిలిచేది కాదు.

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానను ఈ ప్రాంతం మరచిపోదు. కరోనా భయం ఒకవైపు, ఇళ్లలోకి నడుములోతు నీళ్లు మరోవైపు. కులమతాల ప్రసక్తి లేకుండా ఎన్నో కుటుంబాలు మన హాల్లో తలదాచుకున్నాయి. స్త్రీల మైత్రి సభ్యులు గంజులకొద్దీ కిచిడీ వండారు. పోలియో వచ్చిన ఒక అక్కను నలుగురు యువకులు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశారు. మర్నాడు ఆమె అన్న మాట నా చెవిన పడింది: "తమ్ముడూ, మీ చేతులకు దండం. కానీ వానొచ్చినా, ఆదివారమొచ్చినా నన్ను ఎవరో ఒకరు మోయాల్సిందేనా?" కపెర్నహూములో పక్షవాయువు రోగిని మోసిన ఆ నలుగురినీ ప్రసంగాల్లో పొగుడుతాం. మోయించుకునేవారి మనసు తెలిసింది మాత్రం ఆ రోజే.

కొత్త ర్యాంపు ఆ మాటతోనే మొదలైంది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు ఉండాలి. తొమ్మిది మెట్లు అంటే నాలుగున్నర అడుగుల ఎత్తు, అంటే 54 అడుగుల ర్యాంపు. ఆవరణలో అంత పొడవు లేక, మధ్యలో చదును వదిలి రెండు మలుపులుగా కట్టాం. ఒక రిటైర్డ్ పంతులమ్మ పింఛను డబ్బిచ్చారు. తాపీ మేస్త్రి కూలి తీసుకోలేదు. పొరుగున ఉన్న ముస్లిం సోదరుడు సెంట్రింగ్ చేశాడు, వెల్డింగ్ షాపువారు రెయిలింగ్ ఇచ్చారు. పచ్చళ్లు అమ్మిన స్త్రీల మైత్రికి, క్యారల్స్ సొమ్ము ఇచ్చిన యౌవనస్థులకు, సిమెంటు, ఇసుక, టైల్స్ దాతలకు, నీళ్లు పట్టిన వాచ్‌మన్‌కు సంఘం రుణపడి ఉంది.

ఇక మనసులో మాట. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రజలు ప్రార్థనకు వచ్చే భవనం కూడా పబ్లిక్ భవనమే. ఉన్న కట్టడాలను సరిచేయడానికి ఆ చట్టమిచ్చిన అయిదేళ్ల గడువు 2022లోనే తీరిపోయింది. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా వచ్చిన మెట్రోలో లిఫ్టులున్నాయి. స్టేషన్‌లో దిగి ఇక్కడిదాకా ఒంటరిగా రాగలిగినవారు మన హాలు మెట్ల కింద ఆగిపోతున్నారు. పెళ్లి విందు పైన, వారి విస్తరి కింద. బాత్రూం తలుపులో చక్రాల కుర్చీ పట్టదు. లిఫ్ట్ కోసం అడిగినప్పుడల్లా నిధుల్లేవన్నారు. అదే కాలంలో ముఖద్వారం ఆర్చికి, కొత్త సౌండ్ సిస్టమ్‌కు నిధులు దొరికాయి. ఇది నిందించడానికి రాయడం లేదు. ఈ సంఘం నాది కాబట్టి బాధతో రాస్తున్నాను.

వరదల్లో వందమందికి చోటిచ్చిన హాలు మనది. ఈ ఉత్సవాల కానుకల్లోంచి మొదటి రూపాయి లిఫ్ట్‌కు, రెండోది బాత్రూం తలుపుకు కేటాయించాలని సంఘ పెద్దలను చేతులు జోడించి కోరుతున్నాను. అవి అవసరమైనవారిని అడిగి, వారిని కమిటీలో కూర్చోబెట్టి ఆ పని చేయించాలి.