లంబసింగి ఘాటీలో తెగిన కూలి

నర్సీపట్నం దాటి చింతపల్లి వైపు సాగితే మైదానం అయిపోయి కొండ మొదలవుతుంది. ఇప్పుడు శీతాకాలం వచ్చిందంటే లంబసింగి మంచు చూడ్డానికి కార్లు బారులు కట్టే దారి ఇదే. నూరేళ్ల కిందట ఆ దారి కోసం కొండను తొలిచినవాళ్లకు చలి వేడుక కాదు. పొద్దు పొడవకముందే గూడేల నుంచి మగవాళ్లు, ఆడవాళ్లు దిగివచ్చేవారు. గడ్డపారలతో రాళ్లు పెకలించేవారు, తట్టలతో మట్టి మోసేవారు. వాళ్ల పోడు మీద అటవీ చట్టం ఆంక్షలు పెట్టింది. అడవిలో కట్టె కొట్టినా, పశువును మేపినా నేరమైంది. సొంత సేద్యం సాగనివాడికి రోడ్డు కూలి తప్ప మరో దిక్కు లేకపోయింది.

తెల్లదొరలకు ఈ రోడ్డు అవసరం. మన్యంలోని కలప, అటవీ సరుకు దిగువకు రావాలి. పోలీసులు, అధికారులు పైకి పోవాలి. పని చేయించే అధికారం గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేతిలో ఉంది. మనిషికి రోజుకు ఆరణాలు ముట్టాలి. చేతిలో పడింది రెండణాలు. మిగిలిన నాలుగణాలు కూలివాడి దాకా రానేలేదు. ఎదురు చెప్పినవాడి వీపు మీద కొరడా ఆడింది. గ్రామ పెద్దలకూ ఆ అధికారి వేధింపు తప్పలేదు. బట్టిపనుకుల పెద్ద గాం గంటందొర పదవి పోగొట్టుకున్నాడు. ఆయన, తమ్ముడు మల్లుదొర ఆ అవమానాన్ని దిగమింగి ఊరుకోలేదు.

ఆ రోజుల్లో కృష్ణదేవిపేట ప్రాంతంలో ఒక యువ సన్యాసి ఉండేవాడు. మూలికా వైద్యం చేసేవాడు, తగవులు తీర్చేవాడు, కల్లు మానమని చెప్పేవాడు. ఆయనే అల్లూరి సీతారామరాజు. ఘాటీలో కూలివాళ్ల గోడు ఆయన దగ్గరికి చేరింది. బాస్టియన్ మీద పై అధికారులకు ఫిర్యాదులు వెళ్లినా ఫలితం లేకపోయింది. కాగితం మీద రాసిన కూలికి, చేతికి అందిన కూలికి మధ్య తేడా ఏమైందని అడిగితే జవాబు చెప్పే నాథుడు లేడు.

1922 ఆగస్టు 22న జవాబు కోసం ఎదురుచూపులు ముగిశాయి. రాజు, గాం సోదరులు, వందలమంది మన్యంవాసులు చింతపల్లి పోలీసు స్టేషన్‌లో అడుగుపెట్టారు. 11 తుపాకులు, వాటి తూటాలు తీసుకున్నారు. పట్టుకుపోతున్న సామగ్రిని రాజు స్టేషన్ రికార్డులోనే రాసి సంతకం చేశాడు. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. రెండేళ్లపాటు మన్యం రగిలింది. మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ వచ్చాయి. 1924 మే 7న రాజును కాల్చి చంపారు. గంటందొరా ఆ పోరులోనే నేలకొరిగాడు. మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి తిరిగివచ్చాడు. 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

ఆ తిరుగుబాటు వెనుక అటవీ చట్టం ఉంది, స్వరాజ్య కాంక్ష ఉంది. వాటితోపాటు ఆ నాలుగణాలూ ఉన్నాయి. పని ఎక్కడో మంజూరవుతుంది, డబ్బు చేతులు మారుతూ వస్తుంది, చివరన చెమటోడ్చినవాడికి మిగిలింది దక్కుతుంది. ఈనాడు ప్రపంచమంతటా ఔట్‌సోర్సింగ్ అనే మాట వినిపించే చోటల్లా అడగవలసిన ప్రశ్న ఇదే: మొదటి చేతికి, చివరి చేతికి మధ్య ఎంత తెగుతోంది?

ఆ కొండల మీదే ఆ ప్రశ్న మళ్లీ లేచింది. ఈసారి పంట కాఫీ. 1960ల నుంచి అటవీ శాఖ, తర్వాత అటవీ అభివృద్ధి సంస్థ, పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఏజెన్సీలో కాఫీని విస్తరించాయి. చింతపల్లి దగ్గర ఆర్.వి.నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధనా కేంద్రం పెట్టింది. పోడు కొట్టిన వాలుల్లో సిల్వర్ ఓక్ చెట్లు లేచాయి. వాటి నీడన అరబికా మొక్క, చెట్టు మీద మిరియాల తీగ. నవంబరు వస్తే ఇంటిల్లిపాదీ తోటలోకి దిగి పండిన పండును చేత్తో ఏరుతారు.

ఆ పండుకు ధర మాత్రం కొండ మీద తేలదు. 1962లో కుదిరిన అంతర్జాతీయ కాఫీ ఒప్పందం దేశాలకు కోటాలు పెట్టి ధరను నిలబెట్టింది. 1989 జూలైలో ఆ కోటాలు రద్దయ్యాయి. కొద్ది నెలల్లోనే ధర కుప్పకూలింది. బ్రెజిల్‌లో యంత్రాలు కాయ దులిపే విశాలమైన తోటలున్నాయి. వియత్నాం పదేళ్లలో రోబస్టా పండించి ప్రపంచంలో రెండో స్థానానికి ఎగబాకింది. 2001 నాటికి కాఫీ ధర దశాబ్దాల కనిష్ఠానికి దిగింది. 1990లలోనే మన కాఫీ బోర్డు పూలింగ్ విధానం కూడా ముగిసింది. బోర్డే కొని అమ్మిపెట్టే రోజులు పోయి, రైతు నేరుగా బజారుకు ఎదురు నిలవాల్సి వచ్చింది. ఒక పేద దేశం రైతు పోటీ పడేది మరో పేద దేశం రైతుతోనే. లాభం మాత్రం ఆ ఇద్దరినీ దాటి, వేయించి డబ్బాలో పోసి పేరు పెట్టేవాడి దగ్గర పోగవుతుంది.

ఆ పై మెట్టు తెలుగువాళ్లు ఎక్కలేరా? ఎక్కారు. 1990లలో చల్లా రాజేంద్రప్రసాద్ గుంటూరు జిల్లా దుగ్గిరాలలో ఇన్‌స్టంట్ కాఫీ ఫ్యాక్టరీ పెట్టారు. విదేశీ కంపెనీల పేర్ల మీద అమ్ముడయ్యే కాఫీ అక్కడ తయారవుతుంది. ఆయన సంస్థ సీసీఎల్ తర్వాత వియత్నాంలోనూ ఫ్యాక్టరీ కట్టింది. పరాయి దేశాలు బయటికి ఇచ్చే పనిని అందుకుని, పోటీదారు దేశంలోనే పాగా వేసిన తెలుగు సంస్థ అది.

కొండ మీద మరో దారి తెరుచుకుంది. చౌకగా అమ్మడంలో బ్రెజిల్‌ను గెలవలేం. చేత్తో ఏరిన పండు, నీడన ఎదిగిన గింజ, రసాయనాలు పెద్దగా ఎరుగని నేల మన బలం. నాంది ఫౌండేషన్ అరకు రైతులను సహకార సంఘంగా కూర్చింది. పండిన పండునే ఏరడం, రుచి చూసి గింజకు మార్కులు వేయడం నేర్పింది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. చింతపల్లి, జి.కె.వీధి వైపు గిరిజన సహకార సంస్థ, రైతుల పరస్పర సహకార సంఘాలు కొనుగోలుకు దిగాయి. షావుకారు అడ్వాన్సు ఇచ్చి, తోటలో కాయ ఉండగానే తన ధర కట్టే పద్ధతికి అక్కడ గట్టి పోటీ వచ్చింది. సంస్థ ధర ప్రకటిస్తే షావుకారూ దాన్ని చూసి తన ధర పెంచక తప్పదు.

2024లో బ్రెజిల్‌లో కరువు వచ్చింది. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో అరబికా పౌను 4 డాలర్లు దాటి రికార్డు సృష్టించింది. ఆ ఏడు మన్యం రైతుకూ మంచి ధర పలికింది. అయితే అది బ్రెజిల్ ఆకాశం ఇచ్చిన వరం. అక్కడ వాన పడితే ఇక్కడ ధర పడుతుంది. చౌక మీద గెలిచిన పోటీ ఇంకో చౌక చెయ్యి దొరకగానే ఓడిపోతుంది. రుచి మీద, పేరు మీద గెలిచింది నిలబడుతుంది. ఆ నిలబడిన గెలుపులో వాటా ఏరిన చేతికి చేరకపోతే పారిస్ దుకాణం గొప్ప మనది కాదు, కొన్నవాడిది.

అందుకే అడగవలసినవి పెద్ద కోరికలేమీ కావు. గూడేనికి దగ్గర్లో పండు తొక్క తీసే పల్పింగ్ యూనిట్ ఉండాలి. అప్పుడు పండును పచ్చిగా అమ్ముకోకుండా తొక్క తీసి ఎండబెట్టిన పార్చ్‌మెంట్ గింజగా చేసి అమ్మగలరు. సంతలో షావుకారు కాటా పక్కనే ఆనాటి న్యూయార్క్ ధర, సహకార సంస్థ ధర తెలుగులో రాసి ఉండాలి. డబ్బు నేరుగా రైతు ఖాతాలో పడాలి, తోట పని చేసే ఇల్లాలి పేరూ ఆ ఖాతాలో ఉండాలి. మధ్యలో ఎంత తెగుతోందో లెక్క కనిపిస్తే తెంపేవాడి చెయ్యి వెనక్కి పోతుంది. ప్రపంచ బజారులో మన్యం గెలిచిందని చెప్పే అర్హత మనకు ఆ లెక్క తేలిన రోజే వస్తుంది.